నేను చెరిపిన ప్రశ్నలు

దూరాన ఉన్న నా కూతురికి అమ్మ దీవెనలు. నాకు డెబ్బై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు లాండ్రీలో మరకలు తీసిన చేతులు నావి. మూడో అంతస్తులో, రెండు గదుల్లో, నేనూ, నీ కూతురు పిచ్చుకా ఉంటున్నాం. ఒంట్లో ఇద్దరికీ క్షేమమే, ఇంట్లోనే లేదు. చెబుతున్నది నేను, రాస్తున్నది కింది దుకాణం దర్జీ. ఫోన్లో అయితే సగంలో అడ్డొస్తావు. ఉత్తరమైతే చివరిదాకా విని తీరాలి.

మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లను తిట్టుకుంటూ ఎక్కుతున్నాను. పిచ్చుక వేళకు తింటోందా అని అడిగావు. ఆ సంగతి దానికి పరిశోధన నేర్పే మేడమ్‌ని అడుగు. నీ కూతురికి ఆకలేసిందో లేదో కూడా ఇప్పుడు ఆవిడే చెప్పాలి.

తేనెటీగలు దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయోనని అది పరిశోధన చేస్తోంది కదా. అందుకు ముందటివాళ్లు రాసిన పేపర్లు చదవాలట. మొదటి నెలంతా మొదటి అక్షరం నుంచి కథలా చదివి, నాలుగో పేజీకల్లా ఏడుస్తూ నా ఒళ్లో తల పెట్టేది. అప్పుడు ఆ మేడం నేర్పింది: "ముందు సారాంశం చూడు. తర్వాత బొమ్మలు చూడు. వాళ్లేమన్నారో పక్కన పెట్టి, నీకేం కనిపిస్తోందో చెప్పు. ఎలా కొలిచారో ఆఖర్న చదువు. నమ్మబుద్ధి కానిచోట అంచులో ప్రశ్న రాయి." అంతే, ఏడుపు ఆగింది. నా ఒడీ ఖాళీ అయింది.

భోజనం దగ్గర 'మా మేడం', తల దువ్వుకుంటూ 'మా మేడం'. "నడక నేర్పింది నేను, ఆవిడ కాదు" అన్నానొకరోజు. "ఆవిడతో నీకు పోటీ ఏంటి అమ్మమ్మా!" అని నవ్వింది. ఒళ్లు మండింది.

ఆవిడ దగ్గర మాన్పించి దాన్ని ఇంకోచోట చేర్చమని నీకు రాయిద్దామనే కూర్చున్నాను. ఇక్కడికొచ్చేసరికి దర్జీ కలం ఆపాడు. "పెద్దమ్మా, ఇంతకీ ఆవిడ చేసిన తప్పేంటి?" అన్నాడు.

"నీకెందుకు, రాయి."

"ఏమని రాయను? చదువు చెప్పిందనా?"

కత్తెర పట్టేవాడికి నాలుక కూడా పదునే.

తప్పు నాదే తల్లీ. రాయవయ్యా, రాయి.

పోయిన ఆదివారం దాని సంచిలో ఒక పేపరు కనిపించింది. పదహారు పేజీలు, అంచుల నిండా పెన్సిల్ రాతలు. అవి ఆవిడవే అనుకున్నాను. నా ఇంట్లోకి కూడా ఆవిడ చెయ్యి వచ్చిందా అని ఉడికిపోయి, రబ్బరు తీసుకుని మొత్తం చెరిపేశాను. మరక తీయడం నాకు రాదా? గీత కూడా మిగల్లేదు.

అది చూసి గోల పెట్టాకే తెలిసింది, ఆవిడ ఒకరి కాగితం మీద చుక్క కూడా పెట్టదట. అవన్నీ నీ కూతురివే. రెండు నెలలుగా రాసుకున్న ప్రశ్నలు. ఎవరి రాత ఎవరిదో నాకేం తెలుస్తుంది? నా కంటికి అన్నీ చీమల బారులే. ఈ శుక్రవారం అది అందరి ముందూ నిలబడి, ఆ పేపర్లో ఏ మాట నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పాలి.

నన్ను అనుమానించనైనా లేదు, అదే నన్ను చంపుతోంది. ముందురోజు శనివారం ఆ పేపరు అడిగి తీసుకుని తిరిగిచ్చిన, దాంతో చదివే కళ్లజోడు పిల్లే ఓర్వలేక చేసిందని దాని నమ్మకం. "రేపు మేడమ్‌కి చెప్పి ఆ పిల్ల సంగతి తేలుస్తాను" అంది పొద్దున. ఓర్వలేనిది ఎదురుగా కూర్చుని దానికి వడ్డిస్తోంది.

కాబట్టి దాన్ని మాన్పించకు. సాయంత్రం అది రాగానే ఈ ఉత్తరం చేతిలో పెట్టి, నా ఎదుటే చదవమంటాను. ఆ తర్వాతే పోస్టు. అయినా ఇదొక్కటీ రాయి దర్జీ: ఆ మేడం అంటే నాకింకా పడదు.

ఇట్లు,
నిన్ను కని, నీ కూతుర్ని పెంచిన
అమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
రాసినవాడు, దర్జీ.
పక్కన కూర్చుని విన్నది, దర్జీ భార్య.
చదివింది, మనవరాలు. అమ్మా, నా కోపం తగ్గలేదు. జరిగింది చెప్పడానికి కళ్లజోడు పిల్ల ఇంటికి అమ్మమ్మను తీసుకెళ్తున్నాను. ఉత్తరం దారిలో పోస్టు చేస్తాం.