ఆరబెట్టే గది పొగగొట్టం

నాన్నా,

నువ్వు పోయి ఎనిమిది నెలలయింది. ఆసుపత్రిలో నీ ఉతుకు పని ఇప్పుడు నాది. ఎండలు కాసినన్నాళ్ళూ బట్టలు తీగల మీదే ఆరాయి. మూడు రోజులుగా వాన వదలడం లేదు. అందుకని నీ తర్వాత మొదటిసారి, నిన్న ఆరబెట్టే గదిలో బొగ్గుల పొయ్యి వెలిగించాను. గది వేడెక్కలేదు.

అదే సమయానికి కాన్పు కష్టమైన మనిషిని నౌపడ నుంచి తెచ్చారు. ఆపరేషనుకు పొడిగుడ్డలు చాలవు.

"గుడ్డలెప్పటికి ఆరతాయే? డాక్టరుగారు అడుగుతన్నారు," అంది నర్సమ్మ గుమ్మంలో నిలబడి.

"గంటలో ఇస్తానమ్మా," అన్నాను.

తడి బొగ్గులు తీసి పొడివి వేశాను. బూడిద దులిపాను. అయినా మంట లేవలేదు, పొగ గదిలోకే తిరిగి వస్తోంది. అప్పుడు తోచింది, అది పైకి పోయే దారే మూసుకుపోయిందని. నిచ్చెన వేసుకుని వానలోనే కప్పెక్కాను. పొగగొట్టం నిండా గోరింకలు కట్టి వదిలేసిన గూడు. వెదురుకర్రతో లాగేశాను. దిగి వచ్చేసరికి బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి.

గుడ్డలు వేళకే అందాయి. మగపిల్లాడు పుట్టాడని, తల్లి కూడా క్షేమమని సాయంత్రం నర్సమ్మే వచ్చి చెప్పింది.

ఇంటికొచ్చి అంతా అమ్మకు చెప్పాను.

"మీ నాన్నయితే ముందు నిచ్చెనెక్కేవోడు. నువ్వేటే, బొగ్గుల్లో ఎతికినావు," అని నవ్వింది.

నీ మాట తలచి అమ్మ నవ్వడం ఇదే మొదలు. రాత్రి ఇద్దరం కడుపునిండా తిన్నాం.

నీ కూతురు