తెల్ల కర్చీఫు

1981 జూన్ 3, చిత్తూరు
ఈ రోజు నుంచి బెల్లం మండీ సావుకారు జయరామ్ గారి ఫారిన్ కారుకు నేను డ్రైవర్ని. జిల్లాలో ఇలాంటిది ఇంకొకటి లేదంటారు. వెండిలా మెరిసే చక్రాలు. మొదటి ట్రిప్పే తిరుమల. కొండ దిగి ఇంటికి రాగానే ఆయన తెల్ల కర్చీఫు తీసి ముందు చక్రం తుడిచాడు. నల్లగా వచ్చింది. నా బండి మొగానికి మసి పూసినావు కదరా మునెయ్యా అంటూ అందరి ముందూ చెంప పగలగొట్టాడు. నాకు నలభై మూడేళ్లు. మా నాయన కూడా నన్నెప్పుడూ చెంప మీద కొట్టలేదు.

జూన్ 5
తిరుపతిలో మెకానిక్ సుబ్బన్నను అడిగాను. అది రోడ్డు దుమ్ము కాదప్పా, బ్రేకు ప్యాడ్లు అరిగి రాలే పొడి అన్నాడు. తొక్కే కొద్దీ రాలతా ఉంటాది, తొక్కేది తగ్గిస్తే అదీ తగ్గతాది, పూర్తిగా మాత్రం పోదు అన్నాడు. చక్రం చల్లారేదాకా నీళ్లు పొయ్యొద్దని కూడా చెప్పాడు.

జూన్ 12
మళ్లీ తిరుమల ట్రిప్పు. ఘాట్ రోడ్డంతా రెండో గేరులోనే దిగాను. బ్రేకు మీద కాలు పెట్టింది చాలా తక్కువ. చక్రాలు చల్లారాక కుంకుడు రసంతో, మెత్తటి గుడ్డతో కడిగాను. నలుపు సగానికి సగం తగ్గింది. నాకే ముచ్చటేసింది.
సావుకారు కర్చీఫుకు మాత్రం బూడిద రంగు అంటింది. ఈసారి పాత ఫ్యాన్ బెల్టు అందుకున్నాడు. వీపు మీద ఏడు దెబ్బలు. చొక్కా చర్మానికి అతుక్కుపోయింది.

జూన్ 13
బోర్లా పడుకుని రాస్తున్నాను. సావుకారు తల్లి నాగరత్నమ్మ గారు తనే వచ్చి వీపుకు వెన్న రాసింది. నా కొడుక్కి వాళ్ల నాయన చెయ్యే వచ్చిందిరా, ఓర్చుకో అంది.

జూన్ 20
వాణ్ణి చంపాలని ఉంది.

జూన్ 27
సావుకారుకు కొత్త ఆలోచన వచ్చింది. వాళ్ల నాయన ఎద్దుల బండి చక్రాలకు ఆముదం పూసేవాడట, ఏ దుమ్మూ అంటేది కాదట. కారు చక్రాలు నాలుగింటికీ దట్టంగా పట్టించమన్నాడు.
అయ్యా, ఎద్దుల బండికి బ్రేకు ల్యాదు, ఈ చక్రం ఎనకాలే బ్రేకు డిస్కు ఉండాది, వేడికి ఆముదం కారి దాని మీద పడితే బ్రేకు పట్టదు అన్నాను.
నాకే నేర్పిస్తావా అని జాకీ రాడ్డు తీశాడు. తలకు అడ్డం పెట్టిన ఎడమ చెయ్యి విరిగింది. చప్పుడు నాకే వినిపించింది.
ఒకసారి చెప్పాను. ఇంక చెప్పను.

జులై 1, ఉదయం 8
చేతికి కట్టు ఉన్నా రమ్మన్నాడు, ఫోనుకు కాపలా ఉండమని. సావుకారు పంచె ఎగ్గట్టి తనే చక్రాలకు ఆముదం పూశాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా పూశాడు. తనే నడుపుకుంటూ పలమనేరు పోతాడట. వెనక సీట్లో నాగరత్నమ్మ గారు కూర్చుని ఉంది.
కిటికీ దగ్గరికి వెళ్లి, అమ్మా, ఈ పొద్దు మీరు దిగండి అన్నాను. ఏమిరా అంది. కారు తలుపు తెరిచి పట్టుకున్నాను. నా మొహం చూసి, తల తిరగతా ఉందని కొడుక్కి చెప్పి దిగింది.
కారు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం 12
పోయేటప్పుడు అంతా ఎక్కుడు. బ్రేకుతో పెద్దగా పని లేదు. వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ దిగాలి. పలమనేరులో ఆయన వెళ్లే మండీకి ఫోనుంది. నంబరు నాకు నోటికి వచ్చు.

2 గంటలు
ఫోను నా పక్కనే ఉంది. నా కుడి చెయ్యి బాగానే ఉంది.

4.30
ఫోను మోగింది. నేను తియ్యలేదు. నాగరత్నమ్మ గారు తీసింది.

జులై 4
మొగిలి ఘాట్ రెండో మలుపులో కారు గోడ విరగ్గొట్టుకుని లోయలో పడిందట. స్టీరింగు రొమ్ములో దిగబడిపోయిందట. గడ్డపారలతో రేకు చీల్చి బయటికి లాగారట. శవాన్ని తెచ్చినప్పుడు మొహం మీద గుడ్డ తియ్యనివ్వలేదు. కోపం అలాగే ఉంటుందనుకున్నాను. వెతికితే కనిపించలేదు.
అందరూ వెళ్లిపోయాక నాగరత్నమ్మ గారు నన్ను పిలిచింది. నన్ను దిగమంటివి కదరా, నా కొడుకును ఏల దిగమనకపోతివి అంది. నా చేతి కట్టు వైపు చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

జులై 9
కారును గుర్తుపట్టమని పోలీసు స్టేషన్‌కు పిలిచారు. ముందు చక్రం ఒక్కటే సొట్ట పడకుండా ఉంది. నా కర్చీఫు తీసి తుడిచాను. ఎప్పటికంటే నల్లగా వచ్చింది.
నా చెంప మీద నేనే కొట్టుకున్నాను. కానిస్టేబుల్ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొట్టుకుంటూనే ఉన్నాను.