తూము దగ్గర సాక్ష్యం

దర్శి మండలం,
18 ఫిబ్రవరి 2025.

లాయర్ వేదశ్రీ గారికి,

తోమా వందనాలు. ఇక్కడ అందరం క్షేమం, కారు తప్ప. అది ఇంకా షెడ్డులోనే ఉంది.

శనివారం కోర్టు పంపిన కమిషనర్ గారు వచ్చి తూము చూసి వెళ్లారు. ఆ సంగతి మీకు వేరేవాళ్లు చెప్పేలోపు నేనే రాస్తున్నాను.

ఆగస్టులో నా కారు తూము మీద నుంచి పత్తిచేలోకి దిగినప్పుడు పోలీసులు డ్రైవర్ నిర్లక్ష్యం అని రాశారు. ముప్పై ఏళ్లుగా కిరాయి కారు తోలుతున్నవాణ్ణి. ఇప్పుడు ఊళ్లో నా పేరు "పత్తిచేను తోమా". రెండు బళ్లు పట్టే రోడ్డు, మలుపు తిరగ్గానే తూము మీద ఒక్క బండికి ఇరుకైపోతుంది. బోర్డు లేదు, పిట్టగోడ లేదు. తప్పు రోడ్డుదని కోర్టు చేత రాయించాలన్నదే నా పట్టు. రోడ్డు వేసినవాళ్లకు జరిమానా పడే సెక్షన్ ఉంది గానీ, దానికి చావో అంగవైకల్యమో ఉండాలని మీరన్నారు. నాకు ఊడింది బొటనవేలి గోరు. అందుకే రోడ్ల శాఖకు నోటీసిచ్చి, రెండు నెలలు ఆగి, దావా వేశారు. కమిషనర్ గారు చూసేదాకా అక్కడ గడ్డిపోచ కూడా కదలకూడదన్నారు.

రోడ్డు మీద కేసు వేశావు, రేపు వాన మీద కూడా వేస్తావా అని మా ఇంటావిడ ఆదెమ్మ అడిగింది.

కమిషనర్ గారు వచ్చేసరికి తూముకు రెండు వైపులా సున్నం కొట్టిన రాళ్లు, కర్రలకు ఎర్రగుడ్డలు. మలుపుకు ముందే "ఇరుకు తూము, నిదానం" అని బోర్డు. కోర్టువారి ముందు ఊరి పరువు పోకూడదని, క్రిస్మస్‌కు చర్చికి సున్నం కొట్టే ఎలీషా చేసిన పని ఇది. ఆడవాళ్లు రోడ్డు ఊడ్చి ముగ్గేశారు. మజ్జిగ కూడా ఇచ్చారు. కమిషనర్ గారు తాగి, ఇంత చక్కటి హెచ్చరిక తానెక్కడా చూడలేదని మెచ్చుకుని, అదే కాగితం మీద రాసుకున్నారు. ఇవన్నీ నిన్న పెట్టినవండీ అన్నాను. తాను చూసిందే రాస్తానని, మిగతాది జడ్జి గారికి చెప్పుకోమని అన్నారు. పోలీసుల ఫొటోలో నా కారు ఉంది, రోడ్డు లేదు.

ఇక దావా నిలుస్తుందో లేదో మీరే చెప్పాలి. ఎలీషా మీద కోపం పెట్టుకోకండి.

ఇట్లు,
మీ క్లయింటు
తోమా

తా.క.: తన పేరు రాయమన్నది ఎలీషాయే. సున్నం కొట్టిందీ, బోర్డు పాతిందీ నేను. ముగ్గూ మజ్జిగా మాత్రం నిజంగా ఊరివే. మీరు చెప్పారని వారం రోజులు తూము దగ్గర కాపలా కూర్చున్నాను. గురువారం సాయంత్రం మిరపకోతకు వెళ్లిన పద్నాలుగు మంది ఆడవాళ్లతో మా ఊరి హయాత్ ఆటో వచ్చింది. వెనక చక్రం అంచు దాటి ఒక్క క్షణం గాల్లో తిరిగి, మళ్లీ రోడ్డెక్కింది. మన సాక్ష్యం చెక్కుచెదరలేదు. హయాత్ దిగి చక్రం చూసుకుని, నా వైపు చూశాడు.

"ఏం బాబాయ్, ఎవరు పడతారా అని కూర్చున్నావా?"

లేచి ఇంటికెళ్లి సున్నం నానబెట్టాను.