కారు ముందరి గుర్తు

తిరుత్తణి,
ఆదివారం

అన్నకు,

నువ్వు మా ఇంట్లో వదిలిన పాత కారుకు ముందరా వెనకా కంపెనీ గుర్తులు కొత్తవి అతికించాను. వేడినీళ్ల గుడ్డ కాసేపు అదిమిపెట్టి, వెనక పూలదారం పోనిచ్చి లాగితే పాతవి గీత పడకుండా ఊడివచ్చాయి. వాటి అచ్చు మీదనే కొత్తవి సరిగ్గా కూర్చున్నాయి.

పాతవాటి మెరుపు పోయిందని పోయిన నెల నువ్వు కారు తుడిచే గోవిందమ్మ మీద వీధిలో అందరి ముందర, "కండ్లు యాడ పెట్టుకోని తుడస్తా ఉండావు?" అని అరిచావు. ఆమె పని మానేసింది. ఆ రోజు నేను పక్కనే ఉండీ నోరు తెరవలేదు. ప్రతి శుక్రవారం కారుకు కుంకుమ పెట్టే ముందు, పూజసామాను తోమిన చింతపండుతోనే ఆ గుర్తులనూ తోమింది నేను. ఇత్తడిలాగే మెరుస్తాయనుకున్నాను. పైపూత పోతుంటే మురికి అనుకుని ఇంకా గట్టిగా తోమాను.

నిన్న ఆమె ఇంటికి పోయి నిజం చెప్పాను.

"నువ్వు తోమేది నేను చూడలేదా అక్కా?" అని నవ్వింది. పనికి రమ్మంటే మాత్రం, "అన్న వీధిలో అరిచినాడు. వచ్చి వీధిలోనే తప్పయిందని చెప్పల్ల," అంది.

వచ్చే ఆదివారం నువ్వు కారు కోసం వచ్చినప్పుడు ముందు అక్కడికి పోదాం. ఈసారి వీధిలో నేనే మొదట మాట్లాడతాను.

నీ చెల్లెలు