ఆఖరి పట్టీ

విశాఖపట్నం, 1927 నవంబరు 20

ప్రియమైన సత్యానికి,

నేను క్షేమం. మా ఏజెన్సీ దొరగారి దొరసానికి ఓ సరదా పుట్టింది. జనవరి ఒకటిన విందుకొచ్చేవాళ్లకు పంచడానికి కాగితం పట్టీలతో చాపలా అల్లిన శుభాకాంక్షల కార్డులు కావాలట. అవీ కొండవాళ్లు అల్లినవే కావాలట. "మా ఆవిడ అక్కడ బడిపంతులమ్మేనండీ" అని నోరు జారాను. ఇరవై పంపు. రంగు కాగితాలు ఈ కట్టలోనే ఉన్నాయి. పని నచ్చితే హెడ్ గుమస్తా పదవి నాదే. అప్పుడు నువ్వా చలికొండ దిగి వచ్చేయొచ్చు.

అర్జీ సంగతి మళ్లీ అడగకు. సమయం చూసి దొర ముందు పెడతాను.

నీ వరహాలరావు

ముంచింగిపుట్టు, డిసెంబరు 8

ప్రియమైన శ్రీవారికి,

కార్డులు పంపుతున్నాను. పిల్లల చేత చేయిద్దామనుకుంటే వాళ్ల తల్లులే బడికొచ్చి కూర్చున్నారు. వెదురు బద్దలు చీల్చే కత్తితోనే పట్టీలు కోశారు.

సోములమ్మ నాలుగు అల్లింది. మీ దొర క్యాంపుకొచ్చినప్పుడు ఆయన స్నానపు తొట్టెను వెట్టికి మోయించింది ఈమె చేతనే. అప్పుడామెకు ఎనిమిదో నెల. ఘాటీ దారిలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఆడవాళ్లను వెట్టికి పట్టుకుపోవద్దని ఇరవై మంది వేలిముద్రలు వేసిన అర్జీ మూడు నెలలుగా మీ బల్ల మీదే ఉంది. ఆ సమయం ఎప్పుడొస్తుందండీ? మీ పదవి కోసం నేను కొండ దిగను.

కార్డులు బాగా చూడండి. ఏమైనా అడగాలనిపిస్తే అడగండి.

మీ సత్యకుమారి

విశాఖపట్నం, డిసెంబరు 17

ప్రియమైన సత్యానికి,

కోపం తగ్గిందా? కార్డులు చూసి ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. ఒకటే లోపం. ప్రతిదాంట్లో ఆఖరి పట్టీ మడవకుండా వదిలేశారు, తోకలా వేలాడుతోంది. మీవాళ్లకు అల్లడం వచ్చుగాని ముగించడం రాదు! ఆదివారమంతా కూర్చుని ఇరవయ్యీ తుమ్మబంకతో నేనే అంటించేశాను. ఇప్పుడు ముచ్చటగా ఉన్నాయి.

నీ వరహాలరావు

ముంచింగిపుట్టు, డిసెంబరు 24

శ్రీవారికి,

ఈసారి 'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఎవరు అంటించమన్నారు మిమ్మల్ని? ఈ ఊళ్లో తీరని తగవున్నవాళ్లు చాప అల్లితే ఆఖరి బద్ద మడవరు. ఆ చాపను ఊరి పెద్ద ముందు పరుస్తారు. గోడు విని తీర్పు చెప్పిన పెద్దే తన చేత్తో ఆ బద్ద మడవాలి. మీరు చూసి ఇదేమిటని అడుగుతారనుకున్నాను. ముందే రాయకపోవడం నా తెలివితక్కువతనం.

మీ ఉత్తరం వాళ్లకు చదివి వినిపించాను, ఏమీ దాచలేదు. సోములమ్మ ఏమందో తెలుసా? "మీ ఆయన ఇరవై బద్దలూ మూసీసినాడు గదా పంతులమ్మా. అంటే మా గోడు ఇన్నట్టే. తీర్పేటి సెప్పినాడో బేగి రాయమను."

ఆ తీర్పేమిటో మీరే రాయండి.

సత్యకుమారి

విశాఖపట్నం, 1928 జనవరి 6

ప్రియమైన సత్యానికి,

సోములమ్మ మాట చదివాక ఆ రాత్రే కూర్చుని కార్డులన్నిటికీ తడిగుడ్డ అద్ది బంక విప్పాను. అర్జీ జేబులో పెట్టుకుని విందుకు వెళ్లాను.

వేలాడుతున్న పట్టీలు చూసి దొరసాని ఇదేమిటని అడిగింది. నేను అడగాల్సిన మాట ఆవిడ అడిగింది సత్యం, సిగ్గేసింది. అందరి ముందూ చెప్పాను. తొట్టె సంగతీ చెప్పాను. అర్జీ పైకి చదివాను, ఇరవై పేర్లతో సహా. దొర ముఖం కందగడ్డయింది. ఓ కార్డు లాక్కుని పట్టీని వేలితో లోపలికి తొయ్యబోయాడు. చెయ్యి అడ్డుపెట్టాను.

"తీర్పు చెప్పాక ముయ్యండి దొరా!" అన్నాను.

దొరసాని ఆ కార్డు తీసుకుని, పట్టీ అలాగే ఉంచి బల్ల మీద పెట్టింది. దొర మాత్రం అర్జీ ముట్టుకోలేదు.

హెడ్ గుమస్తా పదవి రామారావుకు పోయింది. శిక్ష కింద నన్ను ఏజెన్సీకి బదిలీ చేశారు, ముంచింగిపుట్టు కచేరీకే! చలి అని, జ్వరాలని అందరూ తెగ జాలిపడ్డారు. అక్కడ నువ్వున్నావన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

తీర్పింకా రాలేదని సోములమ్మకు చెప్పు. వాళ్లు అల్లిన కార్డొకటి తెస్తున్నాను. కచేరీలో నా బల్లకు ఎదురుగా వేలాడదీస్తాను. ఆడవాళ్లను వెట్టికి పట్టుకెళ్లే ఉత్తర్వు ఏదొచ్చినా ఆ బల్ల దాటే వెళ్లాలి. దాటనివ్వను.

నీ వరహాలరావు