‘‘అట్నేలే సార్’’

మంగళవారం, రాత్రి

రొయ్యల చెరువుల ఉప్పునీరు పోయే కాలువ గురించి ఈరోజు దొరవారిసత్రంలో వరి రైతులతో సమావేశం. నా దగ్గర పని నేర్చి, ఇప్పుడు నాకే పాఠాలు చెప్పే ఇంజనీరు ప్రసాదు వాళ్లకు ప్లాను చూపించాడు.

‘‘మీ పొలాల పక్కనే పోతుంది. సరేనా అన్నా?’’

‘‘అట్నేలే సార్’’ అంటూ రైతుల్లో పెద్దవాడు రమణయ్య తువ్వాలు దులిపి లేచాడు. మిగతావాళ్లూ లేచారు.

‘‘ఒప్పుకున్నారు’’ అన్నాడు ప్రసాదు.

‘‘ఒప్పుకోలా. నీతో మాట్లాడి లాభం లేదనుకున్నారు. వెనక్కి పిలువు. పొలంలోకి ఉప్పు ఊరితే ఏం చేస్తావో చెప్పు’’ అన్నాను.

‘‘మన క్లయింటు చెరువుల ఓనరు గదా సార్. ఆయనకు విలువ చేకూర్చడమే మన పని.’’

ఆ మాట వాడు నేర్చుకున్న మేనేజ్‌మెంట్ పుస్తకం నేనూ చదివాను. అందులో పక్క పొలం ఊసే లేదు.

రేపు పొద్దున్నే తవ్వే మిషను వస్తుంది. మనసు నిలవక రమణయ్యకు ఫోన్ చేశాను. ‘‘పని ఆపించండి, నేనూ వచ్చి మీ పక్కన నిలబడతా’’ అన్నాను.

‘‘అట్నేలే సార్’’ అన్నాడు.