మెట్ల మీద జీన్ ఆంటీ అడిగిన మాట

మంగళవారం రాత్రి, గ్లాస్గో

ఎల్లుండే ఓటింగ్. స్కాట్లండ్ విడిపోవాలా, కలిసుండాలా అని ఇండియా పాస్‌పోర్టున్న నన్ను కూడా అడుగుతున్నారు. మొన్న జూన్‌లో మా రాష్ట్రం రెండైనప్పుడు నన్నెవరూ అడగలేదు. ఏం చేసుకోను ఈ ఓటు?

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కింది ఫ్లాట్ జీన్ ఆంటీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఆవిడ కిటికీకున్న, విడిపోవాలనే ‘యెస్’ పోస్టర్ చూసి తమ్ముడు గుమ్మంలోంచే వెళ్ళిపోయాడట. ఆదివారం భోజనానికి ఇక రానన్నాడట.

పక్కన కూర్చున్నాను. అంతలో మా ఎదురు ఫ్లాట్ స్వరూప వచ్చి ఆగింది. ఆమెది కరీంనగర్, నాది గుంటూరు. ఇన్నేళ్ళూ లండన్ నుంచి ఒకటే గోంగూర పార్సెల్ తెప్పించుకుని, మా వంటింట్లో కబుర్లాడుతూ ఆకు తుంచుకుని, చెరిసగం పంచుకునేవాళ్ళం. జూన్ నుంచి రెండు పార్సెళ్ళు వస్తున్నాయి. గొడవేమీ పడలేదు. టీవీలో వార్తలు చూసీ చూసీ మాట్లాడుకోవడం మానేశాం, అంతే.

“మీ వైపు కూడా విడిపోయారన్నావు కదా. తర్వాత అందరూ మామూలైపోయారా?” అని జీన్ ఆంటీ నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే స్వరూప చెప్పేసింది. “ఆ, అందరం మామూలైపోయాం.”

నేనూ తలూపాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది.

“అసలు సంగతి చెప్తే ఇంకా ఏడుస్తది గదా, పాపం,” అంది స్వరూప, తెలుగులో.

జూన్ తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను మెట్ల మీంచి లేచేలోపే పైకెళ్ళి తలుపు వేసుకుంది.